ఆటిజం గుర్తు ధరించిన బిడ్డ – చూసేవారి స్పందన

చేతిలో తెల్ల కర్రతో ఒక వ్యక్తి రోడ్డు దాటుతుంటే ఆటో డ్రైవరు కూడా బ్రేకు వేస్తాడు. చంక కర్రలతో బస్సెక్కిన వారికి ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. వారి ఇబ్బంది కంటికి కనిపిస్తుంది కాబట్టి సహాయం చేయాలని ఎవరూ చెప్పనవసరం లేదు. ఆటిజం ఉన్న బిడ్డ విషయం అలా కాదు. ముఖం చూస్తే ఏ తేడా తెలియదు. కానీ బస్టాండులో మైకు మోగగానే ఆ బిడ్డ రెండు చెవులూ మూసుకుని కేకలు పెట్టవచ్చు. క్యూలో నిలబడలేక నేలపై పడి దొర్లవచ్చు. అప్పుడు చుట్టూ ఉన్నవారి నోట వచ్చే మాటలు రెండే: "ఎంత మొండి పిల్లవాడో!" లేదా "తల్లి గారాబం చేసి పాడుచేసింది."

ఈ మాటలు పడలేక కొందరు తల్లిదండ్రులు బిడ్డకు ఆటిజం గుర్తు ఉన్న బ్యాడ్జి పెడుతున్నారు. కొందరు టీషర్టు, చేతి పట్టీ, మెడలో కార్డు వాడుతున్నారు. మరికొందరు "మన బిడ్డ పరిస్థితిని ఊరంతటికీ చాటడం ఎందుకు?" అని వెనుకాడుతున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఈ గుర్తుల అర్థమేమిటి, వాటిని చూసి ప్రజలు ఎలా స్పందిస్తారు, పెట్టే ముందు ఏమేమి ఆలోచించాలి అన్నది తెలుసుకుందాం.

ఆటిజం గురించి రెండు మాటలు

ఆటిజం జబ్బు కాదు, మెదడు ఎదుగుదలలో ఉండే ఒక తేడా. మాట్లాడటం, ఎదుటివారితో కలవడం, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటిని తట్టుకోవడం ఈ బిడ్డలకు ఇతరులలా ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. ఒకరికి మాటలే రాకపోవచ్చు. మరొకరు ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు.

ఇది అంటుకునేది కాదు. తల్లి పెంపకం వల్ల రాదు. దిష్టి వల్ల, గ్రహాల వల్ల రాదు. టీకాల వల్ల కూడా రాదు. ఎమ్.ఎమ్.ఆర్. టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకున్నది.

ఏ గుర్తుకు ఏమి అర్థం?

పజిల్ ముక్క: అన్నిటికన్నా పాతది ఇదే. 1963లో ఇంగ్లండులో ఆటిజం పిల్లల తల్లిదండ్రులు నడిపిన సంఘం దీనిని మొదట వాడింది. ఆ సంఘమే ఇప్పటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ. ఈ పిల్లలు అర్థం కాని చిక్కుముడిలా ఉన్నారన్నది అప్పటి ఉద్దేశం. ఆ బొమ్మలో ఏడుస్తున్న బిడ్డ రూపం కూడా ఉండేది. 1999లో అమెరికాలో రంగురంగుల పజిల్ ముక్కల రిబ్బను వచ్చింది. 2005లో మొదలైన ఆటిజం స్పీక్స్ సంస్థ నీలం రంగు పజిల్ ముక్కను ప్రచారంలోకి తెచ్చింది. మన దగ్గర టీషర్టుల మీద, కీచైన్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

నీలం రంగు: ఐక్యరాజ్య సమితి 2007 డిసెంబరులో చేసిన తీర్మానం ప్రకారం 2008 నుండి ఏటా ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు నీలం దుస్తులు ధరించే వాడుక 2010 తర్వాత వ్యాపించింది.

అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకె: గణితంలో అనంతానికి వాడే గుర్తు ఇది. ఇంద్రధనుస్సు రంగుల్లో ఉంటుంది. ఆటిజం ఉన్న పెద్దలు తమకు తామే ఎంచుకున్న గుర్తు ఇది. "మేము విరిగిన ముక్కలం కాదు, మనుషులలో ఇదొక తీరు" అన్నది దీని భావం.

పొద్దుతిరుగుడు పూల మెడ పట్టీ: ఆకుపచ్చ పట్టీ మీద పసుపు పూలు ఉంటాయి. 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది. ఇది ఆటిజానికి మాత్రమే కాదు, కంటికి కనిపించని ఏ వైకల్యం ఉన్నవారైనా ధరించవచ్చు. "నాకు కొంచెం ఎక్కువ సమయం, ఓపిక కావాలి" అని సిబ్బందికి తెలియజేయడమే దీని పని. మన దేశంలో బెంగళూరు, ఢిల్లీ వంటి విమానాశ్రయాలు కూడా దీనిని స్వీకరించాయి.

పజిల్ ముక్క విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. ఆటిజం ఉన్న పెద్దలలో చాలామందికి అది నచ్చదు. అమెరికాలో 400 మంది సాధారణ ప్రజలతో జరిపిన ఒక అధ్యయనంలో, పజిల్ ముక్కను చూడగానే "అసంపూర్ణం", "లోపం" వంటి భావాలే ఎక్కువగా కలుగుతున్నట్లు తేలింది. ఆటిజం అనే పేరుతోనే వెలువడే ప్రముఖ పరిశోధన పత్రిక 2018లో ఆ బొమ్మను తన అట్ట మీద నుండి తీసివేసింది. ఇంట్లో ఇప్పటికే పజిల్ ముక్క బ్యాడ్జి ఉంటే అది నేరమేమీ కాదు. ప్రేమతో కొన్నదే కదా. కొత్తగా కొనేవారు మాత్రం ఈ సంగతి తెలిసి కొనడం మంచిది.

చూసేవారు ఎలా స్పందిస్తారు?

1. తెలిసి సహాయం చేసేవారు. అవగాహన ఉన్న ఒక్క మనిషి ఉంటే చాలు, ఆ రోజు గట్టెక్కుతుంది. "మీరు ముందు వెళ్ళండమ్మా" అని క్యూలో దారి ఇస్తారు. దుకాణంలో పాటల శబ్దం తగ్గిస్తారు. గుర్తు ధరించినందుకు దక్కే మేలు ఇదే.

2. ఏమీ తెలియక ఊరుకునేవారు. మన ఊళ్ళలో ఎక్కువ మంది ఈ కోవలోకే వస్తారు. పజిల్ ముక్కను చూసి ఏదో కంపెనీ బొమ్మ అనుకుంటారు. ఇంగ్లీషులో రాసిన టీషర్టును బస్సులో ఎవరూ ఆగి చదవరు. ఏ గుర్తు అయినా చూసేవారికి దాని అర్థం తెలిస్తేనే పనిచేస్తుంది.

3. ప్రశ్నలు వేసేవారు. "బాబుకు ఏమైందమ్మా?", "ఇంకా మాటలు రాలేదా?", "మీ వైపు ఎవరికైనా ఉందా?" వీరిలో చాలామంది అడిగేది అభిమానంతోనే. కానీ రోజుకు పదిసార్లు అదే ప్రశ్నకు జవాబు చెప్పే తల్లికి అది బరువే.

4. సలహాలు ఇచ్చేవారు. "మా బావగారి అబ్బాయికి ఐదేళ్ళకు గాని మాట రాలేదు, ఇప్పుడు ఆపడు", "సెల్‌ఫోను చూపించి ఉంటారు", "ఫలానా ఊళ్ళో పసరు మందు పోస్తారు, ఒక్కసారి తీసుకువెళ్ళండి." వీటిలో మొదటి మాట ప్రమాదం లేనిదిగా కనిపిస్తుంది గాని, దానిని నమ్మి పరీక్షలు వాయిదా వేసి విలువైన సంవత్సరాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. తెలియని మందులు బిడ్డకు తాగించడం ప్రాణాపాయం కూడా.

5. జాలి చూపేవారు. "అయ్యో పాపం, ఏమి ఖర్మమో!" అని బిడ్డ ముందే అంటారు. మాటలు రాని బిడ్డకు మాటలు అర్థం కావు అనుకోవడం పెద్ద పొరపాటు. చాలామంది పిల్లలు తాము పలకగలిగిన దానికన్నా ఎక్కువ అర్థం చేసుకుంటారు.

6. నమ్మనివారు. "చూడటానికి బాగానే ఉన్నాడే!" అంటారు. ఈ మాట ఎక్కువగా ఎదురయ్యేది ఆటిజం ఉన్న పెద్దలకు, ఆడపిల్లలకు. బ్యాడ్జి పెట్టుకున్న యువతితో "నువ్వు చక్కగా మాట్లాడుతున్నావు కదా, నీకేమిటి?" అంటారు. చక్కగా మాట్లాడటానికి ఆమె పడే శ్రమ, ఇంటికి వెళ్ళాక కలిగే అలసట వారికి కనిపించవు.

7. దూరం జరిగేవారు. తమ పిల్లలను చేయి పట్టి పక్కకు లాగుతారు. అన్నిటికన్నా గాయం చేసేది ఇదే.

చెబితే మేలా, కీడా?

ఈ విషయంపై కొన్ని పరిశోధనలు జరిగాయి. ఫ్రాన్సులో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆటిజం ఉన్న బాలుని వీడియోలు పెద్దలకు చూపించారు. ఆటిజం సంగతి ముందుగా చెప్పినవారు బాలుని ప్రవర్తనను మరింత సానుభూతితో అంచనా వేశారు. అమెరికాలో డల్లాస్ నగరపు పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న పెద్దల విషయంలోనూ అలాగే కనిపించింది. ఆ వ్యక్తికి ఆటిజం ఉన్నదని తెలిసినప్పుడు చూసేవారికి మెరుగైన అభిప్రాయం కలిగింది. ఆటిజం గురించి ముందే అవగాహన ఉన్నవారిలో ఈ మార్పు మరింత ఎక్కువ.

అంటే చెప్పడం వలన మేలు ఉంది. కానీ ఆ మేలు చూసేవారి అవగాహన మీద ఆధారపడి ఉంది. గుర్తు ఒక్కటే చాలదు. ఆటిజం అంటే ఏమిటో తెలియని చోట అదే గుర్తు వేలెత్తి చూపడానికి కారణం కావచ్చు.

పెట్టే ముందు మూడు ప్రశ్నలు

మొదటిది: ఇది ఎవరి కోసం? రైల్వే స్టేషనులో బిడ్డకు దారి దొరకడం కోసమైతే అది బిడ్డ అవసరం. ఏప్రిల్ 2న అవగాహన నడకలో పాల్గొనడానికైతే అది సమాజం కోసం. మన మనసులోని బాధ నలుగురికీ తెలియాలని అయితే అది మన కోసం. మూడూ తప్పు కావు. కానీ మన కోసమైనప్పుడు, ఆ టీషర్టు మనం వేసుకోవచ్చు, బిడ్డకే వేయనవసరం లేదు. మనం వేసుకున్నా బయటపడేది బిడ్డ సంగతే అని మాత్రం మరువరాదు.

రెండవది: ఈ చోట అవసరమా? జాతర, రైలు ప్రయాణం, ఆసుపత్రి, విమానాశ్రయం వంటి రద్దీ చోట్ల గుర్తు ఉపయోగం. రోజూ ఆడుకునే వీధిలో, అందరికీ తెలిసిన చోట దాని పని తక్కువ. ఎల్లవేళలా ధరించాలన్న నియమం లేదు.

మూడవది: బిడ్డ ఏమంటున్నాడు? ఇది అన్నిటికన్నా ముఖ్యం. మూడేళ్ళ బిడ్డ తరఫున మనం నిర్ణయిస్తాము. పదేళ్ళ బిడ్డను అడగాలి. పదిహేనేళ్ళ పిల్లవాడు వద్దంటే ఆ మాట వినాలి. బడిలో ఆ బ్యాడ్జిని చూసి తోటి పిల్లలు పేర్లు పెట్టి పిలిస్తే అది భరించేది అతడే గాని మనం కాదు. మాటలు రాని బిడ్డకు రెండు చొక్కాలు ఎదురుగా పెట్టి ఏది తీసుకుంటాడో చూడండి. పెట్టిన ప్రతిసారీ పీకి పారేస్తుంటే అదే అతని జవాబు. బిడ్డకు తన ఆటిజం సంగతి మనం ఇంకా చెప్పకుండానే, చొక్కా మీద రాసి ఊరికి చెప్పడం న్యాయం కాదు.

దాచడం వేరు, ధరించకపోవడం వేరు

కొన్ని ఇళ్ళలో బయటకు చెప్పని ఒక భయం ఉంటుంది. "తమ్ముడికి ఇలా ఉందని తెలిస్తే అక్కకు సంబంధాలు వస్తాయా?" అన్న భయం. అందుచేత పెళ్ళికి వెళ్ళేటప్పుడు బ్యాడ్జి తీసివేయమని తండ్రి, ఉండాలని తల్లి వాదించుకుంటారు. బ్యాడ్జి లేకుండా పెళ్ళికి తీసుకువెళ్ళినందువల్ల బిడ్డకు నష్టమేమీ లేదు. కానీ బ్యాడ్జితో పాటు బిడ్డను కూడా ఇంట్లో వదలి, తలుపు గడియ పెట్టి వెళ్ళడం వల్ల నష్టం ఉంది. మనుషుల మధ్య తిరగని బిడ్డ మనుషుల మధ్య ఉండటం ఎలా నేర్చుకుంటాడు? అతనిని చూడని బంధువులు అతనిని ఎలా అర్థం చేసుకుంటారు? బ్యాడ్జి పెట్టినా మానినా బిడ్డను మాత్రం వెంట తీసుకువెళ్ళండి. బ్యాండు మేళం శబ్దానికి దూరంగా కూర్చోబెట్టండి. చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టండి. అలసిపోతే ముందుగా ఇంటికి రండి.

మన ఊళ్ళలో పనికివచ్చే ఉపాయం

బొమ్మ గుర్తుల కన్నా తెలుగులో రాసిన చిన్న కార్డు మన దగ్గర బాగా పనిచేస్తుంది. కండక్టరు, కానిస్టేబులు, దుకాణదారు ఎవరైనా చదవగలరు. ఇలా రాయవచ్చు:

"నాకు ఆటిజం ఉంది. మాటలు సరిగా రావు. పెద్ద శబ్దాలు, గట్టిగా పట్టుకోవడం నాకు భయం. దయచేసి నెమ్మదిగా మాట్లాడండి. మా ఇంటి ఫోను నంబరు ఈ కార్డు వెనుక ఉంది."

ఈ జాగ్రత్తలు పాటించండి:

– బిడ్డ పేరు, ఇంటి చిరునామా పైకి కనిపించేలా రాయవద్దు. మాటలు రాని బిడ్డ అని తెలిస్తే దురుద్దేశం ఉన్నవారు కూడా దగ్గరకు రావచ్చు. ఫోను నంబరు కార్డు వెనుక గాని, చొక్కా లోపలి అంచున గాని ఉండాలి.

– మెడ పట్టీ లాగితే ఊడిపోయే క్లిప్పుతో ఉండాలి. లేకపోతే ఎక్కడైనా చిక్కుకుని మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

– వస్తువులను నోట్లో పెట్టుకునే అలవాటున్న బిడ్డకు పిన్నుతో ఉన్న బ్యాడ్జి పెట్టవద్దు. బటన్ బ్యాటరీతో వెలిగే బ్యాడ్జీలు అసలే వద్దు. ఆ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.

– టీషర్టు మీది మందమైన ముద్ర, మెడ దగ్గరి లేబులు కొందరు పిల్లలకు ముల్లులా గుచ్చుకుంటాయి. బిడ్డ గోకుతుంటే ఆ చొక్కా మానండి.

– బిడ్డ తప్పిపోతే వెంటనే 112కు గాని, పిల్లల సహాయ నంబరు 1098కు గాని ఫోను చేయండి. అతను ఇష్టపడే చోట్లు, ముఖ్యంగా చెరువులు, కాలువలు, నీటి తొట్లు ముందుగా వెతకండి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది నీటివైపు ఆకర్షితులవుతారు.

గుర్తు వేరు, ధ్రువపత్రం వేరు అని కూడా తెలుసుకోండి. బ్యాడ్జి ఎవరైనా కొనుక్కోవచ్చు, దానికి చట్టబద్ధత లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ప్రభుత్వ సదుపాయాలు పొందడానికి వైద్య ధ్రువపత్రం, యూ.డి.ఐ.డి. కార్డు ఉండాలి. ఆటిజం తీవ్రతను లెక్కకట్టడానికి మన దేశంలో వాడే భారతీయ కొలమానాన్ని సికింద్రాబాదులోని జాతీయ సంస్థే రూపొందించింది. ప్రయాణాల్లో యూ.డి.ఐ.డి. కార్డు నకలు వెంట ఉంచుకోండి. ఎవరైనా నమ్మకపోతే అది చూపవచ్చు.

అడిగినవారికి ఏమని చెప్పాలి?

జవాబు ముందే అనుకుని ఉంచుకుంటే నోట మాట తడబడదు.

అభిమానంతో అడిగినవారికి: "అవునండీ, బాబుకు ఆటిజం ఉంది. పెద్ద శబ్దాలు పడవు. కాసేపు ఉంటే సర్దుకుంటాడు."

సలహా ఇచ్చే పెద్దలకు: "మీ అభిమానానికి సంతోషం పెద్దమ్మగారూ. డాక్టరుగారికి చూపిస్తున్నాము, శిక్షణ ఇప్పిస్తున్నాము."

జాలిపడేవారికి: "వాడికి మన మాటలు అర్థమవుతాయండీ. మీరు పలకరించండి, సంతోషిస్తాడు."

చిన్న పిల్లలు అడిగితే: "అన్నకు మాటలు రావమ్మా. కానీ నువ్వు బంతి వేస్తే తిరిగి వేస్తాడు." పిల్లలకు ఇంతకన్నా పెద్ద వివరణ అవసరం లేదు, వారు వెంటనే ఆటలో పడతారు.

ఓపిక లేని రోజున ఏమీ చెప్పకుండా చిరునవ్వుతో తల ఊపి వెళ్ళిపోవచ్చు. గుర్తు ధరించినంత మాత్రాన దారిన పోయే ప్రతివారికీ పాఠం చెప్పే బాధ్యత మీ మీద పడదు. బిడ్డ ఏడుస్తున్నప్పుడు మీ దృష్టి బిడ్డ మీదే ఉండాలి.

చూసేవారికి మా విన్నపం

ఈ పుస్తకం చదివేవారిలో ఎక్కువ మంది ఇంట ఆటిజం లేకపోవచ్చు. అయినా ఏదో ఒక రోజు ఆ గుర్తు మీ కంటబడుతుంది. అప్పుడు:

– తేరిపార చూడకండి. ఫోనుతో వీడియో తీయకండి.

– "సహాయం కావాలా అమ్మా?" అని ఒక్కసారి అడగండి. వద్దంటే పక్కకు తప్పుకుని కొంచెం ఖాళీ ఇవ్వండి.

– బిడ్డను బుజ్జగించడానికి బుగ్గ గిల్లడం, ఎత్తుకోవడం చేయకండి. కొందరికి స్పర్శ భయం.

– మందులు, వైద్యులు, మొక్కులు చెప్పకండి. ఆ కుటుంబం మీకన్నా ముందే ఎన్నో తలుపులు తట్టి ఉంటుంది.

– మీ పిల్లలను దూరంగా లాగకండి. పలకరించనివ్వండి.

– గుర్తు లేకపోయినా, ఏడుస్తున్న బిడ్డను చూసి తల్లిని తప్పుపట్టకండి. ఆటిజం ఉన్న అందరూ బ్యాడ్జి పెట్టుకోరు, పెట్టుకోవలసిన పని కూడా లేదు.

మీ బిడ్డ పేరు పెట్టి పిలిచినా పలకకపోతే, ఏడాది దాటినా వేలు పెట్టి చూపకపోతే, వచ్చిన మాటలు పోతే, ఏ గుర్తు గురించీ ఆలోచించే ముందు పిల్లల వైద్యుని సంప్రదించండి. ఎంత త్వరగా శిక్షణ మొదలైతే అంత మేలు. ఇప్పటికే శిక్షణ పొందుతున్న బిడ్డల తల్లిదండ్రులు ఈసారి ప్రయాణానికి ముందు తెలుగు కార్డు ఒకటి రాసి, దానిని బిడ్డకు చదివి వినిపించి, అతని ఇష్టం తెలుసుకుని మెడలో వేయండి.